మగ్గం మీద జంద్యం

కరెంటుకు సెలవైన సుట్టి రోజున, మరాఠీ గడ్డ మీది తెలుగు నేతగాళ్ల దాజీ పేట్ నిద్రలో నడుస్తున్నట్టు ఉంటుంది. వారంలో ఆ ఒక్క రోజూ పవర్లూములు నోరు మూసుకుంటాయి. చప్పుడులో పుట్టి చప్పుడులో పెరిగిన మనుషులకు ఆ నిశ్శబ్దంలో ఏం చేయాలో తోచదు. పడుకుంటే నిద్ర పట్టదు, లేచి తిరిగితే మెలకువ వచ్చినట్టుండదు. డిటెక్టివ్ గోదావరికి మాత్రం ఆ రోజంటే ప్రాణం.

పదకొండేళ్లు పోలీసు కానిస్టేబుల్‌గా చేసి, ఒక పెద్దమనిషి కొడుకును లాకప్పులో వేసిన పాపానికి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆమె. కొంతం చౌక్‌లో దర్జీ దుకాణం మీద ఒక గది తీసుకొని బోర్డు కట్టినప్పుడు పేటలో ముక్కున వేలేసుకోనివాళ్లు లేరు. ఇప్పుడు వాళ్లే మెట్లెక్కి వస్తున్నారు. ఆమెకు సగం నిద్రలోనే బుర్ర బాగా పనిచేస్తుంది. కళ్లు మూసుకుంది కదా, వింటుందా ఏమన్నా అనుకొని నోరు జారినవాళ్లలో కొందరు ఇంకా జైల్లోనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం కూడా ఆమె యశోద ఇంటి అరుగు మీద స్తంభానికి ఆనుకొని, కళ్లు మూసుకొని కూర్చుంది.

"మల్ల మొదటిసంది చెప్పు," అంది.

యశోద ఒళ్లో బీడీల చాట ఉంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్లు మాత్రం చాటలో లేవు.

"ఏం చెప్పాలక్కా. నోటీసు నువ్వు సూడనే సూసినవ్."

చూసింది. నాలుగేళ్ల కిందట, ఎనభై ఐదులో, దశరథ్ సేట్ కారఖానా తగలబడింది. అందులో పనిచేసే యశోద భర్త పెంటయ్య మంటల్లో పోయాడు. సర్కారు ఒకసారి సాయం ఇచ్చింది, ఆ తరువాత నెలనెలా విధవ పింఛను ఇచ్చింది. ఇప్పుడు అదే సర్కారు ఎర్ర ముద్ర వేసి కాగితం పంపింది. నీ భర్త బతికే ఉన్నాడని ఫిర్యాదు అందింది, కాబట్టి తీసుకున్నదంతా తిరిగి కట్టు, సోమవారం లోపల కట్టకపోతే ఇల్లు జప్తు. ఆ డబ్బు అత్త రోగానికి, కారే ఇంటి కప్పుకు ఎప్పుడో అయిపోయింది. మిగిలింది ఈ రెండు గదుల ఇల్లు, ఈ చాట.

"ఆ దినం ఆయన ఒంటి మీద ఏమేం ఉండె?" గోదావరి కళ్లు తెరవకుండానే అడిగింది.

"బనీను, చెడ్డీ. జంజెం. జంజానికి సందుగ చావి."

"ఇనుపదా, ఇత్తడిదా?"

"ఇత్తడిది. మా అత్త సందుగది. ఆయనతోనే పోయింది. ఆ సందుగ ఇప్పటిదాంక తెరవలేదు."

జంద్యానికి కట్టుకున్న పెట్టె తాళంచెవి, ఇత్తడిది. గోదావరి కనురెప్ప ఒకటి కొంచెం కదిలింది. మళ్లీ వాలిపోయింది.

"పీనుగను సూసినవా?"

"మూట గట్టి తెచ్చిండ్రు. సేట్ సూడనియ్యలే. వద్దు చెల్లె, నువ్వు తట్టుకోలేవ్ అన్నడు. గుర్తు వట్టింది గూడ సేటే. ఆ రాత్రి లోపట ఉన్నది మీ ఆయన ఒక్కడే అన్నడు." యశోద చేతులు మొదటిసారి ఆగాయి. "జంజెం కాలిపోయిందన్నరక్కా. జంజెం లేకుండ పంపిచ్చినం. గదొక్కటి నా మనసుల ముల్లోలె ఉన్నది."

అందుకే ఆమె ఒక పని చేస్తోంది. అది అరుగు మీద చెప్పుకునే సంగతి కాదు కాబట్టి గొంతు తగ్గించి చెప్పింది. జంద్యాల పున్నమి నాడు పద్మశాలి మగవాళ్లు కొత్త జంద్యం వేసుకుంటారు. పెంటయ్యకు ఒక అలవాటు ఉండేది. కొత్తది మెడలో పడగానే పాతది తీసి, తాను నేసే మగ్గం పక్కన గోడకున్న మేకుకు తగిలించేవాడు. సాయంత్రం యశోద దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలేది. ఆయన పోయాక కూడా ప్రతి పున్నమికీ తెల్లవారకముందే లేచి, మగ్గం గది ఊడ్చి అలికి, చిక్కగా పసుపు పట్టించిన కొత్త జంద్యం ఆ మేకుకే వేస్తోంది. పోయినేడాదిది తీసి చెరువులో వదులుతోంది. మిగతా ఏడాదంతా ఆ గదికి తాళం.

"ఇంక ఎన్నడు తెరవవా?"

"తెరిస్తే మొగ్గం సప్పుడు ఇనబడ్డట్టు అయితది. తట్టుకోలేను." ఒక బీడీకి దారం కట్టింది. "నవ్వకక్కా, ఒక మాట చెప్త. పున్నమి నాడు పేటంత ఊరేగే దేవుని రథం సూసి మాపటీలి ఇంటికొస్తే ఇల్లంత ఆయన వాసన వస్తది. మిషన్ నూనె, చెమట... కలల ఉన్నట్టు ఉంటది. మంచినీళ్లు తాగి పండుకుంట. తెల్లారితే ఏం ఉండది. నా పిచ్చి."

గోదావరి నవ్వలేదు.

అంతలో వీధిలో గొడుగు కర్ర టకటకమంది. ఆ చప్పుడు గోదావరికి బాగా తెలుసు. వసూళ్ల అధికారి ఘాడ్గే. ఎండ ఉన్నా వాన ఉన్నా గొడుగు మాత్రం మూసే ఉంచుతాడు. మరాఠీ మనిషే అయినా ఈ పేటలో తలుపులు కొట్టీ కొట్టీ తెలుగు పట్టుబడింది. పోయినేడు ఒక రేషన్ కార్డు కేసులో గోదావరి చేతిలో ఓడిపోయాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"అరే వా, గోదావరి బాయి! నేను పొయ్యే ప్రతి గడప మీద మీరే ఉంటరా?"

"మీరు తప్పుడు గడపలే ఎక్కుతరు గద సాబ్, నాకు పని దొరుకుతది."

"ఈసారి తప్పు గాదు. పెంటయ్యను పున్నమి నాడు పగటీలి ఈ గల్లీ మొదట్ల సూసిండ్రు. కండ్లతోటి సూసిండ్రు."

"ఎవరు?"

"అది చెప్పరాదు."

"గొప్పోల్లే అయ్యుంటరు," గోదావరి ఆవలిస్తూ అంది. "మామూలు మనిషి అర్జీ మీ బల్ల మీద ఆర్నెల్లు నిద్రపోతది. ఇది రెండు వారాలు గాకముందే నోటీసై నడిచొచ్చింది. ఎవలో గల్లీ పోరడు కక్షతోటి రాస్తే మీరు గింత ఉరుకుతరా? ఉరికితే మీకే నామోషీ."

ఘాడ్గేకు చురుక్కుమంది. "గల్లీ పోరడు ఎందుకైతడు! దశరథ్ సేట్ బాధ్యత ఉన్న మనిషి. సర్కార్ పైస..." అని నాలుక కరుచుకున్నాడు.

యశోద చేతిలో ఆకు జారిపడింది. గోదావరి మాత్రం ఏమీ విననట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. నాలుగు కారఖానాల సేటుకు ఒక బీడీలు చేసుకునే ఆడమనిషి పింఛను మీద కన్నెందుకు పడింది? ఆ ప్రశ్నను మనసులో ఒక మూలకు పెట్టుకుంది.

"ఇల్లు సూడాలె," అన్నాడు ఘాడ్గే. "ఆ మూసిన అర్ర గూడ."

యశోద గోదావరి వైపు చూసింది. గోదావరి తలూపింది. యశోద ద్వారబంధం మీద చెయ్యి పెట్టి తడిమి, తాళంచెవి తీసి తలుపు తెరిచింది.

లోపల వెలుతురు తక్కువ. పెంకుల మధ్య బిగించిన ఒక్క గాజు పెంకు నుంచి సన్నటి ఎండ దిగుతోంది. ఆ ఎండలో దూది నలుసులు తేలుతున్నాయి. గుంటమగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది, పోగుల మీద ధూళి, పోగు నుంచి పోగుకు సాలెగూడు. ఎవరో ఇప్పుడే నీళ్లు తాగడానికి లేచి వెళ్లినట్టూ ఉంది, వందేళ్లుగా ఎవరూ రానట్టూ ఉంది. ఘాడ్గే కూడా గుమ్మం దాటగానే కాస్త నెమ్మదించాడు.

అయితే ఒక్క క్షణమే. గొడుగు చివరతో గోడ చూపించాడు. "అది ఏంది?"

మేకుకు జంద్యం వేలాడుతోంది.

"రెండర్రల ఇంట్ల ఒక్క ఆడమనిషి. జంజెం ఎవరు ఏసుకుంటరు? నువ్వా?" యశోద మీదికి వెళ్లాడు.

గోదావరి మధ్యకు వచ్చింది. ఆ జంద్యం ఎందుకు అక్కడుందో, ఎన్నేళ్లుగా ఉంటోందో చెప్పింది. చెబుతూ చెబుతూ మగ్గం మీదికి వంగి, సాలెగూడు తెగకుండా వేలితో చూపించింది.

"ఇటు సూడుండ్రి సాబ్. కింద తొక్కుడు కట్టెల మీద ధూళి సూడుండ్రి. ఇంట్ల మగ్గమోడు ఉంటే మగ్గం ఇట్ల ఊకుంటదా?"

"ఉంటే ఈడనే ఉండాలనా? యాడనో ఉండి వచ్చిపోవచ్చు."

గోదావరి గొంతు పెంచింది; అది పోలీసు ఉద్యోగం నేర్పిన విద్య. "పోయినోని పేరు మీద పెండ్లాం వేసిన జంజెం సూపిచ్చి ఇల్లు జప్తు చేసిండ్రని తెలిస్తే, సోమవారం పొద్దుగాల ఈ పేట పేటంత మీ ఆఫీసు మెట్ల మీద కూసుంటది. రాసుకోండ్రి. అది జంజెం గాదు సాబ్, పిండం అనుకోండ్రి. ముట్టుకుంటరా? ముట్టుకోండ్రి!"

ఘాడ్గే చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ముట్టుకోలేదు. ఆ పిరికితనానికి ఆ తరువాత గోదావరి దేవుడికి దండం పెట్టుకుంది.

"సోమవారం వస్త," అన్నాడు. "కట్టాలె, లేకుంటే తాళం నేనేస్త." గొడుగు టకటకమంటూ గల్లీలో దూరమైంది.

యశోద చాయ పెట్టడానికి వంటింటి వైపు వెళ్లింది. గోదావరి ఒక్కతే మిగిలింది. గెలిచినట్టే ఉంది కానీ సంతోషం లేదు. నేతగాడు కూర్చునే చోట కూర్చొని, కాళ్లు గుంటలోకి వదిలి, కళ్లు మూసుకుంది.

నిశ్శబ్దం మెత్తగా వచ్చి మీద పడింది. చిన్నప్పుడు నాన్న మగ్గం గుంటలో ఇలాగే కాళ్లు ఊపుతూ నిద్రపోయేది. ఎక్కడో నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతున్నట్టు వినిపించింది. కరెంటు లేదు, మగ్గం కదలడం లేదు, అయినా వినిపించింది. ఆ కలలోనే ఎవరో వెనక నిలబడి ఆమె భుజం మీదుగా వంగి మేకుకు ఏదో తగిలిస్తున్నారు. నూనె వాసన వేసింది.

వాసన కలలోది కాదు.

కళ్లు తెరిచింది. గాలికి జంద్యం మొహం ముందు మెల్లగా ఊగుతోంది. చెయ్యి చాచి పట్టుకుంది. వదిలి, వేళ్లు ఎండలో పెట్టి చూసుకుంది.

వేళ్లకు పసుపు అంటలేదు.

చిక్కగా పసుపు పట్టించి వేశానంది యశోద. వేసి రెండు వారాలే అయింది. మూసిన గదిలో పసుపు ఎక్కడికి పోతుంది? గోదావరి జంద్యాన్ని మేకు నుంచి తీసి ఎండలోకి పట్టుకుంది. చెమటకు గట్టిపడ్డ పోగులు, ఒంటి మీద ఏడాది పాటు రుద్దుకున్న నున్నదనం. ఒకచోట పోగు నొక్కుకుపోయి ఉంది. అక్కడ పచ్చటి మచ్చ, ఇత్తడి చిలుము. తాళంచెవి వేలాడిన చోటు.

ఇత్తడి చెవి కాలి బూడిద కాదు. కరిగినా ముద్దయినా మిగలాలి. ఆ మూటలో చెవి ఉందా లేదా అని నాలుగేళ్లలో ఒక్కరూ అడగలేదు. పోలీసు అడగలేదు, సర్కారు అడగలేదు, మధ్యాహ్నం నుంచి దాన్ని పట్టుకొని కూర్చున్న తాను కూడా ఇంతవరకూ అడగలేదు.

పేట మొత్తం రథం వెనక వెళ్లిన వేళ పెంటయ్య వచ్చాడు. ద్వారబంధం మీద తాళంచెవి ఎక్కడుంటుందో అతనికి తెలుసు. తన కోసం మేకు మీద కొత్త జంద్యం ఉంది. వేసుకున్నాడు. వేసుకున్నవాడు ఊరుకోకుండా, ఎప్పటి అలవాటు కొద్దీ, పాతది తీసి అదే మేకుకు తగిలించాడు. చచ్చిపోయినట్టు దాక్కున్న మనిషి కూడా ఆ అలవాటు మానలేకపోయాడు. ప్రతి ఏడూ ఇదే జరిగి ఉంటుంది. ఆ చీకట్లో, కన్నీళ్లతో, యశోద ప్రతిసారీ తీసి చెరువులో వదిలింది తన మొగుడు ఒంటి మీది నుంచి విడిచినదే.

"అక్కా, చాయ."

గోదావరి తిరిగి చూసింది. ఈ మాట చెబితే యశోదకు మొగుడు దొరుకుతాడు, ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఇల్లు ఉంటుంది. ఎంత ఆలోచించినా దాచే హక్కు తనకు లేదనిపించింది. జంద్యం ఆమె చేతిలో పెట్టింది.

యశోద అర్థం కాక చూసింది. పసుపు కోసం వేళ్లతో వెతికింది. పచ్చటి మచ్చ దగ్గర వేలు ఆగింది. మెల్లగా ముక్కు దగ్గరికి తీసుకుంది. అలాగే, చాలాసేపు, ఊపిరి విడవడం మరిచిపోయినట్టు ఉండిపోయింది.

"కల గాదు," అంది. "అక్కా, కల గాదు. నా పిచ్చి గాదు. ఆయనే!"

చాయ గ్లాసు ఎప్పుడు కింద పడిందో ఇద్దరూ చూడలేదు. యశోద దేవుడి గూటి దగ్గరికి ఉరికింది. నాలుగేళ్లుగా ముట్టని కుంకుమ భరిణెలో వేలు ముంచి నొసట ఇంత బొట్టు పెట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆ మొహం చూసి గోదావరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఘాడ్గే సాబ్‌ను పిలుస్త. కడ్త అని చెప్త. ఇల్లు తీస్కపోని, చాట తీస్కపోని! బతుకంత బీడీలు చేసి కడ్త. ఆయన ఉన్నడు, ఇంకేం గావాలె నాకు?"

గుమ్మం దాటబోయిన ఆమె చెయ్యి గోదావరి గట్టిగా పట్టుకుంది.

"ఆగు. నేను చెప్పేది ఇను. నాలుగేండ్ల కింద మనం కాలవెట్టింది ఎవల్ని?"

యశోద నవ్వు ఆగిపోయింది.

"లోపట ఉన్నది పెంటయ్య ఒక్కడే అని చెప్పింది ఎవరు? మూట ఇప్పనియ్యనిది ఎవరు? సచ్చిన మనిషి రథం నాడు కండ్ల వడితే ఎవలైనా లబలబ మొత్తుకుంటరు, లేకుంటే సంబరంతోటి నీ ఇంటికి ఉరికొస్తరు. దశరథ్ సేట్ ఈ రెండూ చెయ్యలే. సప్పుడు చెయ్యకుండ పోయి అర్జీ రాసిండు. ఆయనకు సర్కార్ పైసల రంది లేదు యశోదా. ఇల్లు జప్తయితదని తెలిస్తే పెంటయ్య యాడున్నా ఆగలేడు, బైటికొస్తడు. దానికోసమే ఈ నోటీసు. ఆ రాత్రి ఆ కారఖానల ఇంకొకడు సచ్చిండు. ఎవడో, ఎట్లనో నీ మొగడు సూసి ఉంటడు."

"మరి... నేను కడ్త అంటే?"

"ఆయన ఉన్నడని నీ నోటితో సాక్ష్యం చెప్పినట్టే."

గల్లీలో కారు ఆగిన చప్పుడు. ఆ నిశ్శబ్దంలో తలుపు వేసిన శబ్దం కూడా స్పష్టంగా వినిపించింది.

"చెల్లె! యశోదా! ఇంట్లున్నవా?"

తీయటి గొంతు. దశరథ్ సేట్.

గోదావరికి ఏమన్నా చెప్పే వ్యవధి లేదు. ఇంతకుముందే పెట్టుకున్న బొట్టును యశోద తన చేత్తోనే, తన కొంగుతోనే, గట్టిగా తుడిచేసుకుంది. జంద్యాన్ని చుట్టి చాటలో తంబాకు కింద తోసి, చాట ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. గోదావరి మగ్గం గదికి తాళం వేసి, వచ్చి స్తంభానికి ఆనుకొని కళ్లు మూసుకుంది. సేటు మెట్టెక్కేసరికి ఒక మనిషి బీడీలు చేస్తోంది, ఇంకొక మనిషి నిద్రపోతోంది.

"ఘాడ్గే సాబ్ తొవ్వల కలిసిండు, అంత చెప్పిండు," సేటు అరుగు అంచున కూర్చున్నాడు. "నువ్వేం రంది పడకు చెల్లె. సర్కార్ ఎంత అడుగుతే అంత నేను కడ్త. మా కారఖానల పని చేసినోడు, మాకు బాధ్యత లేదా? నాకు ఒక్క నిజం చెప్పు సాలు. పెంటయ్య ఉన్నడా?"

యశోద ఆకు కత్తిరించింది. తంబాకు పోసింది. చుట్టింది. దారం కట్టింది.

"సచ్చిపోయిండు సేట్," అంది. "మూట గట్టి తెచ్చింది మీరే గద."

గొంతు వణకలేదు. కళ్లు మూసుకొని వింటున్న గోదావరికి ఆ మాట చెప్పడానికి ఆమె ఏం చంపుకుందో తెలుసు.

సేటు ముందుకు వంగినట్టు అరుగు మీది చెక్క పలక కిర్రుమంది.

"అవునవును. నేనే తెచ్చిన," అన్నాడు మెత్తగా. "మరి నొసట్ల ఎర్రగ ఏంది చెల్లె?"

గోదావరి కళ్లు తెరిచింది.